యాక్సిలరేటర్ వదిలినా ఇంజన్ వేగం తగ్గకపోతే ఎక్కడెక్కడ వెతకాలి

కావలి నుంచి ఒంగోలు వస్తూ టంగుటూరు టోల్ గేటు దగ్గర క్లచ్ నొక్కి, యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీశాను. 850 దగ్గరికి దిగవలసిన ఆర్‌పీఎం (ఇంజన్ నిమిషానికి తిరిగే చుట్లు) ముల్లు 1800 మీదే నిలబడి, నాలుగైదు సెకన్లు గడిచాక గానీ కిందికి రాలేదు. మా పెట్రోల్ కారులో ఈ బాధ ఆ రోజే మొదలైంది. మొదట చూపించిన వర్క్‌షాపులో కాలు తీసినప్పుడు ఇంజన్ తిరిగే వేగాన్ని సరిచేసే ఐడ్లింగ్ స్క్రూ తిప్పి వేగం తగ్గించి పంపారు. వారం తిరగకముందే ఉదయం పూట బండి తీస్తే ఇంజన్ ఆగిపోవడం మొదలైంది, అసలు లోపం మాత్రం అలాగే ఉండిపోయింది. కాబట్టి ముందే చెబుతున్నాను: కారణం తేలేవరకు ఆ స్క్రూ జోలికి ఎవరినీ పోనివ్వకండి.

పెట్రోల్ ఇంజన్ వేగాన్ని నిర్ణయించేది దాని లోపలికి వెళ్లే గాలి. కాలు తీశాక కూడా ఇంజన్ దిగిరావడం లేదంటే, ఎక్కడో ఒక దారిన గాలి ఇంకా లోపలికి పోతూనే ఉన్నదని, ఆ గాలికి తగినంత పెట్రోలును ఇంజన్ కంప్యూటరు అందిస్తూనే ఉన్నదని అర్థం. గాలిని ఆపవలసిన థ్రాటిల్ పలక పూర్తిగా మూసుకోకపోవచ్చు, పలకను దాటుకుని వేరొక చోట నుంచి గాలి దూరుతూ ఉండవచ్చు, లేదా కంప్యూటరే కావాలని గాలిని వదులుతూ ఉండవచ్చు. ఇదే వరుసలో వెతకడం మంచిది, ఎందుకంటే మొదటి రెండింటికి పెద్దగా ఖర్చు ఉండదు. డీజిల్ ఇంజన్ వేగం ఇంధనం మీద ఆధారపడుతుంది కనుక ఈ పద్ధతి దానికి వర్తించదు.

అసలు ఇది లోపమేనా అన్నది మొదట తేల్చుకోవాలి. చల్లని ఇంజన్ వేడెక్కేవరకు 1200 దాకా తిరగడం, ఏసీ వేసినప్పుడు కొంచెం పెరగడం సహజం. గేరు మార్చేటప్పుడు పొగలోని కాలుష్యం తగ్గించేందుకు ఒకటి రెండు సెకన్లు ఆగి దిగేలా కొన్ని కార్లను తయారీదారులే రూపొందిస్తారు. ఇంజన్ పూర్తిగా వేడెక్కాక, ఏసీ ఆపి, బండిని న్యూట్రల్‌లో నిలిపి, 2500 వరకు రేస్ ఇచ్చి వదిలి చూడండి. అప్పుడు కూడా వేగం దిగడానికి చాలాసేపు పడితే, లేదా మామూలు కంటే పైనే నిలిచిపోతే, వెతకవలసిందే.

ఇంజన్ ఆపి, పెడల్ కింద మ్యాట్ అడ్డుపడుతోందేమో ముందు చూడండి. కేబుల్‌తో నడిచే థ్రాటిల్ అయితే, ఇంజన్ వైపు కొసన కేబుల్‌ను విప్పి, థ్రాటిల్‌ను చేత్తో తెరిచి వదలండి. కేబుల్ ఉన్నప్పుడు బిగుసుకుని, విప్పాక స్ప్రింగు లాగినట్టు ఠక్కున మూసుకుంటే తప్పు కేబుల్‌లోనో పెడల్‌లోనో ఉంది. మైపాడు, కొత్తపట్నం వంటి సముద్రతీర ఊళ్లలో బండి ఉంచేవారికి ఉప్పుగాలి వల్ల లోపలి తీగ తుప్పుపట్టి బిగుసుకోవడం కొత్త కాదు. నూనె పోసి నెట్టుకురావడం కంటే కేబుల్ మార్చడమే మేలు.

కేబుల్ విప్పినా థ్రాటిల్ బరువుగా కదిలితే పలక అంచున కార్బన్ జిగురు పట్టి ఉండవచ్చు. చీమకుర్తి గ్రానైట్ క్వారీల దారుల్లో తిరిగే కార్లకు ఎయిర్ ఫిల్టరు త్వరగా నిండిపోతుంది. ఫిల్టరు సరిగా కూర్చోకపోతే సన్నని రాతి ధూళి ఆ జిగురుతో కలిసి గట్టి పొరగా మారుతుంది. థ్రాటిల్ బాడీ క్లీనరును మెత్తని గుడ్డకు పట్టించి తుడవాలి గానీ లోపలి గోడను బ్రష్షుతో గీరకూడదు. ఎలక్ట్రానిక్ థ్రాటిల్ ఉన్న కార్లలో తాళంచెవి ఆన్‌లో ఉండగా పలకను వేలితో నెట్టరాదు. శుభ్రం చేశాక చాలా మోడళ్లలో, ఇంజన్ కంప్యూటరుకు తగిలించే స్కానరుతో ఐడ్లింగ్ స్థానాన్ని మళ్లీ నేర్పించవలసి వస్తుంది.

మా కారు విషయంలో ఇవన్నీ బాగానే ఉన్నాయి. లోపం, థ్రాటిల్ పలక దాటాక ఇంజన్ గాలి దారికి తగిలించిన వాక్యూమ్ పైపులో దొరికింది. నెల్లూరు, ప్రకాశం జిల్లాల ఎండకు, బానెట్ కింద ఉండే వేడికి రబ్బరు పైపులు కొన్నేళ్లకు గట్టిపడి మలుపుల దగ్గర చీలుతాయి. పైకి చూస్తే బాగానే కనిపిస్తాయి గనుక వేలితో వంచి, అడుగు భాగం కూడా చూడాలి. బ్రేకుకు బలం తోడిచ్చే బూస్టరు పైపు, ఇంజన్ లోపలి ఆవిరులను తిరిగి గాలి దారిలోకి పంపే పీసీవీ వాల్వు పైపు, సిలిండర్లకు గాలి పంచే ఇన్‌టేక్ మానిఫోల్డ్ అతుకులోని గ్యాస్కెట్టు ముఖ్యంగా పరీక్షించవలసినవి. హ్యాండ్ బ్రేకు వేసి, ఇంజన్ తిరుగుతుండగా, పట్టుకారు దవడలకు గుడ్డ చుట్టి ఒక్కో పైపును మృదువుగా నొక్కండి. దేన్ని నొక్కినప్పుడు వేగం పడిపోతే లీకు ఆ పైపులోనో, దాని చివర ఉన్న భాగంలోనో ఉండే అవకాశం ఎక్కువ. పీసీవీ పైపులో మాత్రం కొద్దిగా గాలి నడవడం మామూలే కనుక, దాన్ని నొక్కినప్పుడు స్వల్పంగా దిగితే కంగారుపడనక్కరలేదు. గ్యాస్కెట్టు అంచుల మీద స్ప్రే సీసాతో కాసిన్ని నీళ్లు చల్లినా, లీకు ఉన్నచోట ఇంజన్ చప్పుడు మారుతుంది. ప్లగ్గు వైర్ల మీద పడకుండా చూసుకోండి. నీళ్లకు బదులు కార్బురేటర్ క్లీనర్ చల్లేవారున్నారు, వేడెక్కిన ఎగ్జాస్ట్ మీద పడితే అది అంటుకుంటుంది కనుక దయచేసి ఆ పని చేయకండి.

లీకు కూడా లేకపోతే, కంప్యూటరు గాలిని వదిలే ఐడ్లింగ్ వాల్వును శుభ్రం చేయించి, స్కానరులో ఇంజన్ ఉష్ణోగ్రత ఎంత చూపిస్తోందో చూడాలి. ఇంజన్ వేడెక్కకుండా ఉంటుందని రేడియేటరుకు నీళ్లు వెళ్లడాన్ని అదుపు చేసే థర్మోస్టాట్ వాల్వును తీసి పారేసే అలవాటు కొందరు మెకానిక్‌లకు ఉంది. అలా చేస్తే ఇంజన్ తగిన వేడికి చేరక, ఇంకా చల్లగానే ఉందని కంప్యూటరు భావించి వేగాన్ని పైనే ఉంచుతుంది, పెట్రోలు కూడా ఎక్కువ పోస్తుంది. వేసవి ఎంత మండినా ఆ వాల్వు దాని చోట ఉండాలి. సెన్సరు చెడి తక్కువ ఉష్ణోగ్రత చూపినా ఇదే ఫలితం. కార్బురేటర్ ఉన్న పాత కార్లలో వీటికి బదులు చోక్ పూర్తిగా వెనక్కి వచ్చిందో లేదో, ప్లగ్గులకు కరెంటు పంచే డిస్ట్రిబ్యూటరు లోపలి బరువులు తుప్పుతో బిగుసుకున్నాయో చూడాలి.

మా కారులో పీసీవీ వాల్వు పైపు వంపు దగ్గర అడుగున చీలింది. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు ఆ చీలిక మూసుకుని, వేడెక్కాక తెరుచుకునేది. మూసుకున్నప్పుడు, తగ్గించిన స్క్రూ వదిలే గాలి ఇంజన్‌కు చాలేది కాదు. స్క్రూ తగ్గించాక ఉదయం ఇంజన్ ఎందుకు ఆగిపోయేదో అప్పుడు అర్థమైంది. పైపు మార్చి, స్క్రూను పాత స్థానానికి తెచ్చి, మళ్లీ టంగుటూరు దాకా వెళ్లి చూశాను. కాలు తీయగానే ముల్లు 850కి దిగింది.