పగడం పెరగదు, రంగు నిలవదు: తేడా ఎక్కడుంది?

ఇంట్లో ఉప్పునీటి ట్యాంకు పెట్టుకున్నవాళ్లు ముందుగా వెతికేది త్వరగా పెరిగే, కంటికి ఇంపైన రంగులున్న పగడాల కోసమే. తెచ్చిన మూడు వారాలకే రంగు మారితే టెన్షన్ మొదలవుతుంది. నేను చూసినంతలో చాలా ఇబ్బందులకు మూలం ట్యాంకుకు నప్పని పగడాన్ని ఎంచుకోవడమే.

రంగు పోయి గోధుమ రంగుకు తిరిగింది

గులాబీ రంగులో మెరిసిన బర్డ్స్‌నెస్ట్ అనే గట్టి పగడం మట్టిరంగులోకి దిగిపోయింది, పాలిప్‌లు (పగడం మీద పూలలా విచ్చుకునే చిన్న జీవులు) మాత్రం బాగానే విచ్చుకుంటున్నాయి. అంటే అది చావడం లేదు. పగడం ఒంట్లో జూజాంథెల్లే అనే సూక్ష్మమైన ఆల్గే ఉంటుంది. దాని రంగే గోధుమ. వెలుతురు చాలకపోయినా, నీళ్లలో నైట్రేట్ (మేత, చేపల వ్యర్థాల నుంచి చేరే పోషకం) పెరిగినా ఈ ఆల్గే ఎక్కువైపోయి పగడం సొంత రంగును కప్పేస్తుంది.

ముందు ఒక చిన్న పరీక్ష చేయండి. తెల్ల లైట్లు తగ్గించి నీలం లైటులో చూడండి. షాపుల్లో సాధారణంగా నీలం లైటే ఎక్కువ పెడతారు, చాలా పగడాలు అందులోనే వెలుగుతాయి. మీ దగ్గరా అలాగే మెరిస్తే పగడానికి ఏమీ కాలేదు, తేడా లైటుదే. మెరవకపోతే నైట్రేట్ కొలవండి. 20 పీపీఎం (పది లక్షల్లో 20 వంతులు) దాటి బాగా పైకి పోతుంటే మేత తగ్గించి, వారానికి 10 నుంచి 15 శాతం నీళ్లు మార్చండి. నైట్రేట్ సరిగానే ఉంటే లైటును వారానికి 10 శాతం చొప్పున పెంచండి. రంగు తిరిగి రావడానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. ఈ లోపల రోజుకో చోటికి మార్చకండి.

లైటు బలం తక్కువైన ట్యాంకులో మష్రూమ్‌లు, జోయాంథిడ్‌లు, గ్రీన్ స్టార్ పాలిప్ లాంటి పగడాలు పెట్టుకోండి. 50 నుంచి 100 పార్ (పగడానికి పనికొచ్చే వెలుతురు కొలత) వెలుతురులోనూ వీటి రంగు నిలుస్తుంది. మాంటిపోరా, బర్డ్స్‌నెస్ట్ లాంటి గట్టి పగడాలు మాత్రం 200 పార్‌కు అటూ ఇటూ ఉంటేనే కళగా ఉంటాయి.

పాలిపోయి తెల్లబడుతోంది

ఇది పై సమస్యకు తిరగేసిన రూపం. ఆల్గే పగడాన్ని వదిలి పోతోంది. ఈ మధ్య ఏం మార్చారో గుర్తు తెచ్చుకోండి. కొత్త లైటు పెట్టారా, పగడాన్ని పైకి జరిపారా, నీళ్లు వేడెక్కాయా? వేడి 24 నుంచి 26 డిగ్రీల మధ్య ఉంచండి. లైటు తగ్గించి, మళ్లీ రెండు మూడు వారాల్లో నెమ్మదిగా పెంచండి.

ఇవేవీ కాకపోతే నీళ్లు మరీ శుభ్రంగా ఉన్నాయేమో చూడండి. శ్రద్ధగా చూసుకునేవాళ్లకే ఈ దెబ్బ తగలడం నాకు బాధగా ఉంటుంది. నైట్రేట్, ఫాస్ఫేట్ రెండూ సున్నాకు పడిపోతే పగడం పస్తుంటుంది. ఫాస్ఫేట్ రిమూవర్ (ఫాస్ఫేట్‌ను పీల్చే పదార్థం) వాడుతుంటే తీసేసి, చేపలకు మేత కాస్త పెంచండి. నైట్రేట్ 5 పీపీఎం, ఫాస్ఫేట్ 0.05 పీపీఎం దగ్గరికి వస్తే చాలు.

రంగు ఉంది, పెరుగుదల లేదు

గట్టి పగడాలు కాల్షియం కార్బొనేట్‌తో అస్థిపంజరం కట్టుకుంటాయి. వాటికి ఆల్కలినిటీ (నీటిలోని కార్బొనేట్ల నిల్వ, దీన్ని డీకేహెచ్‌లో కొలుస్తారు) 8 నుంచి 9 డీకేహెచ్, కాల్షియం 400 నుంచి 450 పీపీఎం, మెగ్నీషియం 1250 నుంచి 1400 పీపీఎం ఉండాలి. కాల్షియం 20 పీపీఎం ఖర్చయ్యేసరికి ఆల్కలినిటీ దాదాపు 2.8 డీకేహెచ్ పడిపోతుంది. అందుకే తేడా ముందు ఆల్కలినిటీలోనే కనబడుతుంది. రెండు రోజులు ఒకే వేళకు కొలిచి, ఎంత తగ్గిందో అంతే రోజూ కలపండి. ఒక్కరోజులో 1 డీకేహెచ్‌కు మించి పెంచవద్దు. ఎంత కలిపినా నిలవకపోతే మెగ్నీషియం తక్కువైందేమో చూడండి.

ఈ కొలతల పని కుదరనివాళ్లకు జీనియా, కెన్యా ట్రీ లాంటి మెత్తటి పగడాలు హాయి.

పెరుగుదల ఆగడం లేదు

నా మొదటి ట్యాంకులో గ్రీన్ స్టార్ పాలిప్‌ను పెద్ద రాయికే అంటించాను. దాని ఊదారంగు చాప రాయంతా పాకి, పక్కనున్న జోయాంథిడ్‌లను కప్పేసింది. ఇలాంటివాటిని ఇసుక మధ్యలో విడిగా ఉన్న రాయి మీదే పెట్టాలి. పాకిన చాపను అంచు పట్టి ఒలిచేయవచ్చు.

జోయాంథిడ్‌లను మాత్రం చేతులతో గీకవద్దు. కొన్నింటిలో పాలీటాక్సిన్ అనే ప్రాణాంతకమైన విషం ఉంటుంది. గ్లౌజులు, కళ్లద్దాలు తప్పనిసరి. ఆ రాళ్లను ఎప్పుడూ వేడినీళ్లలో ఉడికించకండి, ఆవిరి పీల్చినవాళ్లు ఆసుపత్రి పాలైన సందర్భాలున్నాయి.

ఒక వైపే చచ్చిపోతోంది

లైట్లు ఆరిన గంట తర్వాత టార్చి వేసి చూడండి. పక్కనున్న హామర్, టార్చ్ పగడాలు రాత్రిపూట పొడవాటి కుట్టే తీగలు చాస్తాయి. కనీసం 15 సెంటీమీటర్ల ఎడం ఇవ్వండి.

అంచుల్లో తెల్లటి కొరుకుళ్లు

మాంటిపోరాలో ఇది కనిపిస్తే అడుగు భాగం తిప్పి చూడండి. నూడిబ్రాంక్ అనే పెంకులేని నత్తలాంటి జీవి అక్కడ దాక్కుంటుంది. డిప్‌లో (పురుగులను చంపే మందు కలిపిన నీళ్లలో) ముంచితే పురుగు చస్తుంది కానీ గుడ్లు చావవు. వాటిని గీకి తీసేసి, ఐదారు రోజులకోసారి కొన్ని వారాల పాటు మళ్లీ ముంచాలి.

కొనేటప్పుడే పెంపకంలో పెరిగిన ముక్కను అడగండి. గట్టి పగడాల అంతర్జాతీయ వ్యాపారం సైటీస్ (అంతరించే ముప్పున్న జీవుల వ్యాపారంపై అంతర్జాతీయ ఒప్పందం) నియంత్రణలో ఉంది. పైగా పెంపకపు ముక్క ట్యాంకు జీవితానికి అప్పటికే అలవాటుపడి ఉంటుంది. అడుగున ఉన్న ప్లగ్ (ముక్కను అంటించే చిన్న దిమ్మ) మీదికి పగడం పాకి అతుక్కుందో లేదో చూడండి. పాకితే అది కోసి చాలా రోజులైన, కోలుకున్న ముక్క. ఎంత వెలుతురులో, ఎంత ఆల్కలినిటీలో పెరిగిందో అడిగి రాసుకుని, ఇంట్లో మొదటి నెల దానికి దగ్గరగానే ఉంచండి.