ఇంగ్లండ్‌లో మొదటి ఫుట్‌బాల్ మ్యాచ్: ముందు సీటు, తర్వాతే టీము

లండన్ వచ్చిన మావాళ్లు పెట్టె దించకముందే అడుగుతారు, "అన్నయ్యా, ఆర్సెనల్ మ్యాచ్‌కి టికెట్ దొరుకుతుందా?" అని. దొరకొచ్చు. కానీ మొదటిసారే అక్కడికి వెళ్లాలని పట్టుబట్టొద్దంటాను. ఎవరు ఆడుతున్నారన్నదాని కన్నా మీరు ఎక్కడ కూర్చున్నారన్నదాని మీదే ఆ రోజంతా ఆధారపడి ఉంటుంది.

పెద్ద క్లబ్బులకు ముందు మెంబర్‌షిప్ కట్టాలి. అది టికెట్ కాదు, టికెట్ అడగడానికి అర్హత మాత్రమే. ఆర్సెనల్, లివర్‌పూల్ లాంటి చోట్ల ఆపైన లాటరీ కూడా. అందులో పేరు రాకపోయినా ఇంకో దారి ఉంది. సీజన్ టికెట్ ఉన్నవాళ్లు రాలేనప్పుడు తమ సీటును క్లబ్ వెబ్‌సైట్‌లోనే తిరిగి అమ్మకానికి పెడతారు. మ్యాచ్ దగ్గరపడేకొద్దీ అవి ఒక్కొక్కటే బయటికొస్తుంటాయి. ఒక్కరే వెళ్తే సులువు, పక్కపక్కన నాలుగు కావాలంటే కష్టం. స్టేడియం బయట టికెట్లు అమ్మజూపేవాళ్ల జోలికి మాత్రం పోకండి. అనుమతి లేకుండా ఫుట్‌బాల్ టికెట్లు అమ్మడం ఇక్కడ 1994 చట్టం ప్రకారం నేరం.

టికెట్ చేతికొచ్చిందని రైలు, హోటల్ వెంటనే బుక్ చేసేయకండి. టీవీ వాళ్ల కోసం శనివారం మ్యాచ్ ఆదివారానికో, సోమవారం రాత్రికో జరిగిపోవడం మామూలే. తేదీ ఖాయమయ్యాకే డబ్బు పెట్టండి.

ఇక సీటు సంగతి. బయటి జట్టు అభిమానులను ఒక మూల విడిగా కూర్చోబెడతారు. వాళ్ల గేటు వేరు, మధ్యలో స్టీవర్డుల, అంటే స్టేడియం సిబ్బంది వరస. ఇక్కడి అన్నిటికన్నా పై అంచె అయిన ప్రీమియర్ లీగ్‌లో ఆ బయటి అభిమానుల టికెట్ ధర 30 పౌండ్లు దాటకూడదని నియమం ఉంది. చౌకే, కానీ ఆ టికెట్లు ఏళ్ల తరబడి జట్టు వెంట ఊరూరా తిరిగినవాళ్లకే అందుతాయి. కాబట్టి మీరు కూర్చునేది ఆ స్టేడియం సొంత జట్టు అభిమానుల మధ్యే. అక్కడ ఎదుటి జట్టు జెర్సీతో కనిపిస్తే బయటికి పంపేస్తారు. మీకు ప్రాణమైన ఆటగాడు ఎదుటి జట్టులో ఉండి గోల్ కొట్టినా సరే, చేతులు ఒళ్లోంచి తీయకండి. రెండు జట్ల రంగులూ కలిపి కుట్టిన మఫ్లర్లు బయట అమ్ముతారు. అది వేసుకుంటే ఎవరూ ఏమీ అనరు, కానీ పాత అభిమానులు చూసే చూపు ఉంటుందే!

గోల్ వెనక స్టాండులో పాటలు, అరుపులు, బూతులు. మ్యాచ్ అయ్యేదాకా చాలామంది నిలబడే ఉంటారు. చిన్నపిల్లలతో వెళ్తే ఫ్యామిలీ స్టాండు అడగండి. నన్నడిగితే మైదానం నిడివి వెంట, మధ్య ఎత్తులో సీటు తీసుకోమంటాను. మరీ ముందు వరసల్లో వాన పడితే పైకప్పు ఉన్నా తడుస్తారు. 'రిస్ట్రిక్టెడ్ వ్యూ' అని రాసి ఉంటే కళ్లెదుట స్తంభమేదో ఉందని అర్థం. ఫుల్హామ్ వాళ్ల క్రేవెన్ కాటేజ్‌లో 1905 నాటి స్టాండు ఇంకా ఉంది, స్తంభాలూ ఉన్నాయి. అయినా కొత్తవాళ్లను నేను పంపేది అక్కడికే. పట్నీ బ్రిడ్జ్ స్టేషన్‌లో దిగి, థేమ్స్ ఒడ్డున బిషప్స్ పార్క్ గుండా నడిచి వెళ్లడం సగం మ్యాచ్ చూసినట్టే.

టికెట్ ఫోన్‌లోనే వస్తుంది. ఇంట్లో ఉండగానే వాలెట్‌లోకి దించుకోండి. జనం మధ్య నెట్‌వర్క్ మొరాయిస్తుంది. పెద్ద బ్యాగు వద్దు, చాలా చోట్ల ఏ4 కాగితం సైజు దాటితే లోపలికి రానివ్వరు. బీరు లోపల అమ్ముతారు గానీ మైదానం కనిపించే చోట తాగకూడదని 1985 నుంచి చట్టం. సీటు దగ్గరికి తెచ్చుకోవాలని చూడకండి. హాఫ్ టైమ్ పదిహేను నిమిషాలే. తినడానికేమైనా కావాలన్నా, టాయిలెట్‌కైనా రెండు మూడు నిమిషాల ముందే లేవాలి. ఆ కాస్తలోనే గోల్ పడిందంటే మీ ఖర్మ.

ఆట మొదలయ్యాక బంతి వెంటే కళ్లు పరిగెత్తించకండి. అది టీవీలో ఎలాగూ చూస్తాం. బంతి అవతలి పక్క ఉన్నప్పుడు డిఫెండర్ల వరస ఎలా ముందుకు జరుగుతుందో, గోల్‌కీపర్ వాళ్ల మీద ఎలా కేకలేస్తాడో చూడండి. కామెంటరీ ఉండదు. గోల్ పడగానే ఎగిరి గంతేసే ముందు లైన్స్‌మన్ జెండా వంక ఓ చూపు వేయండి. ఆఫ్‌సైడ్ (బంతి అందించే సమయానికే ఆటగాడు డిఫెండర్లను దాటి ముందుండడం) అని తెలిసినా దాడి పూర్తయ్యేదాకా వాళ్లు జెండా ఎత్తకుండా ఆగుతుంటారు. ఎంత ఆనందమొచ్చినా మైదానంలోకి మాత్రం దిగకండి, అదీ నేరమే.

ప్రీమియర్ లీగ్ టికెట్ దొరకలేదా? మూడో, నాలుగో అంచెలైన లీగ్ వన్, లీగ్ టూ మ్యాచ్‌లకు చాలాసార్లు ఆ వారంలోనే దొరుకుతాయి. ఆరో అంచె, ఇంకా కింది క్లబ్బులకు వెళ్తే ఆ బీరు చట్టం వర్తించదు. చాలా చోట్ల గ్లాసు పట్టుకుని కమ్మీకి ఆనుకుని చూడొచ్చు. హాఫ్ టైమ్ కాగానే అభిమానులంతా లేచి తమ జట్టు దాడి చేసే గోల్ వెనక్కి మారిపోతుంటారు. మీరూ వాళ్లతో నడిచేయండి.