కంప్యూటర్ హ్యాంగ్ అయి దానంతటదే రీస్టార్ట్ అవుతోందా? ఫార్మాట్ కొట్టే ముందు ఇవి చూడండి

పని మధ్యలో స్క్రీన్ బిగుసుకుపోతుంది, మౌస్ కదలదు, కాసేపటికి దానంతటదే రీస్టార్ట్ అవుతుంది, ఆ తర్వాత రెండు రోజులు ఏ గొడవా ఉండదు. ఎవరిని అడిగినా ఫార్మాట్ కొట్టెయ్, ర్యామ్ మార్చెయ్ అంటారు. దయచేసి ఆగండి. తప్పు ఎస్‌ఎంపీఎస్‌లో (కంప్యూటర్‌కి కరెంటు అందించే పవర్ సప్లై డబ్బాలో) ఉంటే కొత్త ర్యామ్ కొన్నా డబ్బు దండగే, ర్యామ్‌లో ఉంటే ఎన్నిసార్లు ఫార్మాట్ చేసినా మళ్లీ మొదటికే వస్తుంది. డిస్క్ పోయే దశలో ఉందేమో కూడా మనకింకా తెలియదు కాబట్టి, అన్నిటికంటే ముందు ఫొటోలు, ముఖ్యమైన ఫైళ్లు వేరే డ్రైవ్‌లోకి కాపీ చేసుకోండి. మిగతాదంతా ఆ తర్వాతే.

ఇక అసలు పని, అది ఎలా ఆగిపోతోందో గమనించడం. కరెంటు పోయినట్టు టక్కున ఆరిపోయి మళ్లీ ఆన్ అవుతోందా, బ్లూ స్క్రీన్ (విండోస్ ఆగిపోయేటప్పుడు చూపే ఎర్రర్ తెర, కొత్త విండోస్ 11లో నల్లగా ఉంటుంది) వచ్చి పోతోందా, లేక బటన్ నొక్కి పట్టుకునేదాకా అలాగే బిగుసుకుపోయి ఉంటోందా? ఈ మూడింటికీ సాధారణంగా కారణాలు వేరు. చిక్కేంటంటే బ్లూ స్క్రీన్ వచ్చినా విండోస్ వెంటనే రీస్టార్ట్ చేసేస్తుంది, మన కంట పడకపోవచ్చు. అందుకే స్టార్ట్ మెనూలో అడ్వాన్స్‌డ్ సిస్టమ్ సెట్టింగ్స్ అని వెతికి, స్టార్టప్ అండ్ రికవరీ కింద సెట్టింగ్స్ తెరిచి, ఆటోమేటిక్‌గా రీస్టార్ట్ అవ్వమనే టిక్ తీసేయండి. ఈసారి బ్లూ స్క్రీన్ వస్తే అక్కడే నిలబడి ఉంటుంది, ఫోన్‌తో ఫొటో తీసుకోండి.

తర్వాత ఈవెంట్ వ్యూయర్ తెరిచి విండోస్ లాగ్స్‌లో సిస్టమ్ చూడండి. కెర్నల్-పవర్ 41 అని ఎర్ర గుర్తుతో కనబడుతుంది. చాలామంది దాన్ని చూసి కారణం దొరికిందనుకుంటారు, కానీ అది చెప్పేది ఒక్కటే: కిందటిసారి కంప్యూటర్ సరిగ్గా షట్‌డౌన్ కాలేదు. పనికొచ్చే సంగతి డీటెయిల్స్‌లో ఉంటుంది. అక్కడ బగ్‌చెక్ కోడ్ 0 అని ఉంటే విండోస్‌కి ఏమీ రాసుకునే వ్యవధి దొరకలేదని అర్థం, అంటే కరెంటు, వేడి, ర్యామ్ లాంటి వాటి మీద అనుమానం పెట్టుకోవాలి, లేదా మీరే బటన్ నొక్కి ఆపి ఉంటారు. వేరే అంకె ఉంటే బ్లూ స్క్రీన్ వచ్చిందన్నమాట. దాని చుట్టుపక్కల టైములో డబ్ల్యూహెచ్ఈఏ-లాగర్ పేరుతో ఎర్రర్లు ఉంటే హార్డ్‌వేరే తప్పు జరిగిందని చెబుతోంది. రిలయబిలిటీ హిస్టరీ కూడా ఒకసారి చూడండి, రోజులవారీగా గ్రాఫ్ ఉంటుంది, గొడవ మొదలైన రోజున ఏ డ్రైవర్ అప్‌డేట్ అయిందో అక్కడ దొరికిపోవచ్చు.

వేడి సంగతి త్వరగా తేలిపోతుంది. హెచ్‌డబ్ల్యూఇన్ఫో లాంటి ఉచిత టూల్ పెట్టుకుని, బరువైన పని చేయిస్తూ ప్రాసెసర్ టెంపరేచర్ చూడండి. ఈ కాలం ప్రాసెసర్లు 95, 100 డిగ్రీల దగ్గరికి వెళ్తే ముందు వేగం తగ్గించుకుంటాయి, అప్పటికీ తగ్గకపోతేనే ఆరిపోతాయి. అంతదాకా వెళ్తుంటే దుమ్ము దులపండి, కూలర్ బిగుతుగా ఉందో లేదో చూడండి, ప్రాసెసర్‌కీ కూలర్‌కీ మధ్య పూసే థర్మల్ పేస్ట్ ఎండిపోయి ఉంటే మార్చండి. టెంపరేచర్ తక్కువగా ఉండి, ఊరికే డెస్క్‌టాప్ మీద ఉన్నప్పుడు కూడా రీస్టార్ట్ అవుతుంటే మాత్రం వేడి మీద టైమ్ పెట్టకండి.

నేనైతే ఎక్కువ టైమ్ ర్యామ్‌కే ఇస్తాను. ముందు బయోస్‌లో (కంప్యూటర్ ఆన్ అవుతున్నప్పుడు తెరిచే మదర్‌బోర్డు సెట్టింగ్స్‌లో) ఎక్స్‌ఎంపీ గానీ ఎక్స్‌పో గానీ, అంటే ర్యామ్‌ని మామూలు కంటే ఎక్కువ వేగంతో నడిపే సెట్టింగ్, ఆన్‌లో ఉంటే ఆఫ్ చేసి వాడి చూడండి, దాంతోనే ఆగిపోతే తప్పు ఆ వేగంలో ఉందన్నమాట. అయినా ఆగకపోతే కరెంటు వైరు పీకేసి, పవర్ బటన్ కొన్ని సెకన్లు నొక్కి పట్టుకుని, క్యాబినెట్ లోపలి ఇనుప భాగాన్ని ఓసారి ముట్టుకుని, ర్యామ్ స్టిక్‌లు తీసి మళ్లీ పెట్టండి. స్లాట్‌లో కూర్చుందని పైపైన నొక్కి వదిలేయకూడదు, లాచ్ టక్‌మని పడేదాకా రెండు చివరలా సమానంగా నొక్కాలి. ఆ తర్వాత పెన్‌డ్రైవ్ నుంచి మెమ్‌టెస్ట్86 అనే ర్యామ్ పరీక్షించే టూల్‌ని రాత్రంతా నడవనివ్వండి. విండోస్‌లో వచ్చే మెమరీ టెస్ట్ పాస్ అయినంత మాత్రాన నమ్మకండి, దానికి చిక్కనివి ఇందులో చిక్కుతుంటాయి. ఒక్క ఎర్రర్ వచ్చినా సరే అది లెక్కే. అప్పుడు ఒక్కో స్టిక్‌నే ఒకే స్లాట్‌లో పెట్టి పరీక్షించండి, ఏది చెడ్డదో తేలుతుంది.

గేమ్ మొదలవగానే బ్లూ స్క్రీన్ ఏమీ లేకుండా టప్పున ఆరిపోతోందంటే ఎస్‌ఎంపీఎస్‌ని అనుమానించండి, గ్రాఫిక్స్ కార్డు ఒక్కసారిగా ఎక్కువ కరెంటు లాగే క్షణం అది. 12 వోల్ట్ లైన్‌కి ఐదు శాతం అటూ ఇటూ అనుమతి ఉంటుంది, అంటే 11.4 నుంచి 12.6 దాకా. కానీ సాఫ్ట్‌వేర్‌లో చూపించే ఆ అంకెని పూర్తిగా నమ్మలేం, బాగున్నదని తెలిసిన ఇంకో ఎస్‌ఎంపీఎస్ పెట్టి చూడడమే ఖాయమైన పరీక్ష. ఇక్కడ రెండు జాగ్రత్తలు. దాని డబ్బా విప్పకండి, ప్లగ్ తీసేసినా లోపలి కెపాసిటర్లలో ప్రమాదకరమైన చార్జ్ మిగిలి ఉండొచ్చు. విడదీసే కేబుళ్లుండే రకమైతే పాతదాని కేబుళ్లు కొత్తదానికి తగిలించకండి, ప్లగ్ సరిపోయినా లోపలి వైర్ల వరుస వేరుగా ఉండి డిస్కులు కాలిపోయే ప్రమాదం ఉంది.

కాసేపు బిగుసుకుని మళ్లీ దానంతటదే కదులుతుంటే డిస్క్ వైపు చూడండి. డిస్క్ పరిస్థితి చూపే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే టూల్‌లో రీఅలొకేటెడ్, పెండింగ్ సెక్టార్లు (డిస్క్‌లో చెడిపోయిన, చెడిపోతున్న భాగాలు) పెరుగుతూ పోతుంటే డిస్క్ మార్చాల్సిందే. సీఆర్‌సీ ఎర్రర్లు (డేటా వచ్చే దారిలో జరిగే తప్పులు) మాత్రమే పెరుగుతుంటే డిస్క్‌ని మదర్‌బోర్డుకి కలిపే సాటా కేబుల్ మార్చి చూడండి, అక్కడితో పోవచ్చు.

హార్డ్‌వేరా, విండోసా అని ఎటూ తేలకపోతే విండోస్‌కి బదులు వాడే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ లైనక్స్‌ని పెన్‌డ్రైవ్ నుంచే బూట్ చేసి ఒకట్రెండు రోజులు వాడండి. అందులోనూ రీస్టార్ట్ అయితే విండోస్ మీద తప్పు వేయడానికి దాదాపు లేదు. అక్కడ బాగుంటే గ్రాఫిక్స్ డ్రైవర్‌ని పూర్తిగా తీసి మళ్లీ వేయడంతో మొదలుపెట్టండి. ఇంటెల్ 13, 14వ తరం డెస్క్‌టాప్ ప్రాసెసర్ వాడేవాళ్లు బయోస్ అప్‌డేట్ తప్పకుండా చూసుకోండి, వాటిలో కొన్నిటికి వోల్టేజ్ వల్ల వచ్చే సమస్య ఉందని ఇంటెలే ఒప్పుకుని 2024లో మైక్రోకోడ్ (బయోస్ అప్‌డేట్‌తో వచ్చే, ప్రాసెసర్ లోపలి కోడ్) విడుదల చేసింది. అయితే ఇప్పటికే దెబ్బతిన్న ప్రాసెసర్ ఆ అప్‌డేట్‌తో బాగవదు, వారంటీలో మార్పించుకోవాలి.

ఏం చేసినా ఒకసారికి ఒక్క మార్పే చేయండి, తేదీతో సహా రాసి పెట్టుకోండి. మూడు రోజులకోసారి ఆగిపోయే కంప్యూటర్ నాలుగు రోజులు బాగా నడిచిందని సంతోషపడి పాత పార్టు పారేయకండి, కనీసం పది రోజులు చూశాకే అది బాగైనట్టు లెక్క.