కుక్కకు షుగర్ పడిపోకుండా, పడిపోతే తడబడకుండా: ముందే చేసుకోవాల్సిన ఏర్పాట్లు

ఇన్సులిన్ మీద ఉన్న కుక్కను కొన్ని రోజులు ఎవరికైనా అప్పగించి ఊరు వెళ్లబోతున్నారా? లేదా పొమేరేనియన్, చివావా, యార్క్‌షైర్ టెర్రియర్ లాంటి బుల్లి జాతి పిల్లను ఇంటికి తెచ్చుకోబోతున్నారా? రెండు సందర్భాల్లోనూ రక్తంలో చక్కెర పడిపోయే ప్రమాదం ఎక్కువే. ఒకసారి పడిపోయాక చేతిలో ఉండేది నిమిషాలే కాబట్టి, ఏర్పాట్లన్నీ ఇప్పుడే చేసుకోండి.

ఆరోగ్యంగా ఉన్న కుక్క రక్తంలో డెసీలీటరుకు సుమారు 80 నుంచి 120 మిల్లీగ్రాముల గ్లూకోజ్ ఉంటుంది. 60 కన్నా దిగితే తగ్గినట్టే లెక్క. మెదడు ప్రధానంగా గ్లూకోజ్ మీదే నడుస్తుంది. అందుకే ఇంకా దిగితే ఫిట్స్ వస్తాయి, స్పృహ తప్పుతుంది. ఆలస్యమైతే మెదడు శాశ్వతంగా దెబ్బతినవచ్చు.

ఇన్సులిన్ వేసే ఇంట్లో మొదటి నియమం: ముందు తిండి, తర్వాతే సూది. తినకపోయినా, తిన్నది కక్కేసినా అలవాటు కొద్దీ రోజూ వేసే మోతాదు వేసేయకండి. ఎంత వేయాలో, అసలు వేయాలో వద్దో డాక్టరుకు ఫోన్ చేసి అడగండి. ఇంట్లో ఒకరు పొద్దున్నే వేశాక, ఆ సంగతి తెలియక ఇంకొకరు మళ్లీ వేయడం కూడా జరిగేదే. ఫ్రిజ్ తలుపు మీద ఒక కాగితం అంటించి, సూది వేసినవాళ్లు వెంటనే టైము రాసేలా చూడండి. వేశామో లేదో అనుమానంగా ఉన్నా, వేసేటప్పుడు మందు కొంచెం బయటికి కారిపోయినా, రెండోసారి వేయొద్దు. ఒక పూట తప్పితే సాధారణంగా షుగర్ కాస్త పెరుగుతుంది. రెండుసార్లు పడితే ప్రాణం మీదికి వస్తుంది.

సిరంజి సంగతి ఇంకా ముఖ్యం. ఇన్సులిన్‌లో మిల్లీలీటరుకు 40 యూనిట్లు ఉండే యు-40, 100 యూనిట్లు ఉండే యు-100 అని రెండు బలాలు దొరుకుతాయి. వాటి సిరంజిలూ వేరు. యు-100 మందును యు-40 సిరంజిలో 10 గీత దాకా లాగితే కుక్క ఒంట్లోకి వెళ్లేది 10 యూనిట్లు కాదు, 25. సీసా మీద అంకె, సిరంజి మీద అంకె ఒకటేనా అని ప్రతిసారీ చూడండి. కుక్కను చూసుకోబోయే మనిషి చేత మీ కళ్ల ముందే ఒకసారి మందు లాగించి చూసుకున్నాకే బయల్దేరండి.

షుగర్ పడిపోవడం చాలాసార్లు చడీచప్పుడు లేకుండానే మొదలవుతుంది. కుక్క నీరసపడుతుంది, వణుకుతుంది, వెనక కాళ్లు తడబడతాయి. పిలిస్తే తల తిప్పుతుంది కానీ చూపు మీ మీద నిలవదు. కొన్ని కుక్కలు ఆకలిగా, అసహనంగా తిరుగుతాయి. కొన్ని మూల చేరి మత్తుగా పడుకుంటాయి. సూది పడిన కుక్క అలా పడుకుంటే, అలసిపోయిందిలే అనుకోకండి, లేపి చూడండి.

తెలివిలో ఉండి మింగగలిగితే వెంటనే తిండి పెట్టండి. తినకపోతే తేనె గానీ, నీళ్లలో కలిపిన గ్లూకోజ్ గానీ నాకించండి. లేవలేని స్థితిలో ఉంటే తేనెను వేలితో చిగుళ్ల మీద, బుగ్గ లోపలి వైపు కొద్దికొద్దిగా రుద్దండి. నోట్లో మాత్రం పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఫిట్స్ వస్తున్నప్పుడు పళ్ల మధ్య వేలు పెట్టొద్దు. ఎంత మచ్చికైన కుక్కయినా ఆ క్షణంలో తెలియకుండానే కొరుకుతుంది. గ్లూకోమీటర్ ఉంటే మంచిదే కానీ, లక్షణాలు కనబడుతుంటే ముందు తీపి, తర్వాతే పరీక్ష. మనుషుల మీటరు కుక్క రక్తంలో అసలు కన్నా తక్కువ చూపించడం మామూలే, కాబట్టి ఆ అంకె ఒక్కదాన్నే నమ్ముకోకండి.

తేనె పడగానే లేచి తోక ఊపినా ఆసుపత్రికి తీసుకెళ్లాల్సిందే. లోపల ఇన్సులిన్ ఇంకా పనిచేస్తూనే ఉంటుంది, షుగర్ మళ్లీ దిగవచ్చు. దారిలో కొంచెం తిండి పెట్టండి. డాక్టరు చెప్పేదాకా తర్వాతి సూది వేయొద్దు.

బుల్లి జాతి పిల్లల ఒంట్లో చక్కెర నిల్వ చాలా తక్కువ. నాలుగు నెలలు నిండేదాకా మూడు నాలుగు గంటలకోసారి పెట్టాలి. చలి, విరేచనాలు, కొత్త ఇంటి బెదురు, ఏదైనా సరే దాన్ని పడగొట్టేస్తుంది. ఒళ్లు చల్లబడి ఉంటే గుడ్డలో చుట్టి వెచ్చబరుస్తూ, చిగుళ్లకు తీపి రాసి, డాక్టరు దగ్గరికి బయల్దేరండి. ఒళ్లు వెచ్చబడేదాకా తిండి పెట్టొద్దు.

జైలిటాల్ అనే తీపి పదార్థం ఇంట్లో ఎక్కడెక్కడ ఉందో ఈ రోజే వెతకండి. షుగర్‌లెస్ చూయింగ్ గమ్, కొన్ని టూత్‌పేస్టులు, కొన్ని పీనట్ బటర్లలో ఉంటుంది. కుక్క బరువులో కిలోకు 0.1 గ్రాము చాలు, ఇన్సులిన్ ఒక్కసారిగా ఎగజిమ్మి అరగంటలోనే షుగర్ పడిపోవచ్చు, కొన్నిసార్లు గంటల తర్వాత పడిపోతుంది. కాలేయానికీ ముప్పే. తిన్నదని తెలిస్తే లక్షణాల కోసం ఎదురుచూడకండి.

ఒక కాగితం మీద కుక్క బరువు, ఇన్సులిన్ పేరు, యూనిట్లు, తిండి వేళలు, డాక్టరు నంబరు, రాత్రి తెరిచి ఉండే ఆసుపత్రి నంబరు రాసి తేనె సీసా పక్కనే పెట్టండి. ఆ ఆసుపత్రికి ముందే ఒకసారి ఫోన్ చేసి, అర్ధరాత్రి కూడా అక్కడ డాక్టరు ఉంటారో లేదో కనుక్కోండి.