గ్రాఫు దగ్గర జనం జారిపోకుండా ప్రెజెంటేషన్ ఇవ్వడం ఎలా?

ల్యాప్‌టాప్, హెచ్‌డీఎంఐ కేబుల్, పెన్‌డ్రైవ్‌లో పీడీఎఫ్ కాపీ ఉంటే చాలు. పీడీఎఫ్ ఎందుకంటే, అక్కడి సిస్టంలో తెలుగు ఫాంట్ లేకపోతే అక్షరాలు డబ్బాలుగా మారతాయి. అరగంట ముందే వెళ్లి, చివరి వరుసలో కూర్చుని తెర కనిపిస్తుందో లేదో చూసుకోండి.

స్లైడుకు ఒక్క విషయం, 28 పాయింట్లకు తగ్గని అక్షరాలు. ఎర్రటి నేపథ్యం మీద పసుపు అక్షరాలు వేసేవాళ్లకు చెప్పేదేమీ లేదు.

అసలు తంటా గ్రాఫు దగ్గర. అనంతపురంలో ఏ సెమినార్‌కు వెళ్లినా ఇదే వరస: సభకు వీపు చూపించి, "జూన్‌లో ఇంత, జూలైలో ఇంత" అని చదువుకుంటూ పోతారు. డిసెంబరుకు వచ్చేసరికి సగం హాలు ఫోన్లలో ఉంటుంది.

మీ విషయం జిల్లా వానలే అనుకుందాం. గ్రాఫు చూపించకముందే అడగండి: "ఆగస్టులో వేరుశనగ ఊడలు దిగే వేళకు వాన కావాలి. మనకు ఎక్కువగా పడేది ఏ నెలలో?" అడిగి ఆగండి. ఎవరూ నోరు విప్పకపోయినా ఆగండి. ఆ నిశ్శబ్దానికి టెన్షన్ పడి మీరే జవాబు చెప్పేశారో, పని చెడినట్టే. తలా ఒక నెల అనుకున్నాకే గ్రాఫు తెరవాలి.

తెరిచాక కూడా తొందరపడొద్దు. అడ్డంగా నెలలు, నిలువుగా మిల్లీమీటర్లు అని ముందు చెప్పండి. మీరు వారం నుంచి చూస్తున్న బొమ్మే, వాళ్లకు కొత్త. ఎక్కువ వాన పడేది సెప్టెంబరులో కాబట్టి ఆ కడ్డీకి మాత్రమే రంగు వేయండి, మిగతావి బూడిద రంగులో ఉండాలి. కడ్డీలు ఒక్కొక్కటే ఎగిరొచ్చే యానిమేషన్ పెడితే కళ్లు దాని వెంటే పోతాయి, మీ మాట ఎవరికీ ఎక్కదు.

ఇక అంకె. ఏడాదికి సగటున సుమారు 550 మిల్లీమీటర్లు అంటే ఎవరికీ ఏమీ అనిపించదు. ఒక్క మిల్లీమీటరు వానంటే ఎకరాకు దాదాపు 4,000 లీటర్ల నీళ్లని చెప్పి చూడండి. ట్యాంకర్లతో నీళ్లు తోలించి చీనీ (బత్తాయి) చెట్లను బతికించుకున్న రైతు చప్పున తలెత్తుతాడు. ఈ మాట మాత్రం తెర వైపు కాదు, ఆయన వైపు చూసి చెప్పాలి.

జోకుతో మొదలుపెట్టమని సలహా ఇచ్చేవాళ్లున్నారు. వద్దు. నవ్వు రాకపోతే మిగతా ఇరవై నిమిషాలూ ఆ భారం మోయాల్సింది మీరే.

ఎవరైనా ప్రశ్న అడిగితే దాన్ని మైకులో మళ్లీ చెప్పి జవాబివ్వండి, లేకపోతే వెనకవాళ్లకు ప్రశ్న వినపడదు. చివర్లో పూలబొమ్మతో "థాంక్యూ" స్లైడు వద్దు. గ్రాఫునే తెర మీద ఉంచితే, అడిగేవాళ్లు వేలు పెట్టి చూపించి అడుగుతారు.