పికప్ వెనక ట్రైలర్ లైట్లు తిక్కగా వెలుగుతుంటే ముందు ఎర్త్ చూడండి

బ్రేకు తొక్కితే ఇండికేటర్ కూడా వెలుగుతుంది. ఎడమ ఇండికేటర్ వేస్తే టెయిల్ లైట్లు దానితో పాటే మిణుకుమంటాయి. లేదంటే ఒక్కొక్కటిగా చూస్తే అన్నీ బాగానే ఉంటాయి కానీ, హెడ్‌లైట్లు వేసి బ్రేకు తొక్కేసరికి అన్నీ మసకబారిపోతాయి. ఇలాంటప్పుడు చాలామంది మొదట చేసే పని బల్బులు మార్చడం. అవి మార్చినా బాగుపడకపోతే మొత్తం వైరింగ్ కొత్తగా వేయిస్తారు, దానికో రోజు పోతుంది, డబ్బూ పోతుంది. అంత అవసరం లేదు. ఒక లైటు పనిలో ఇంకో లైటు వేలు పెడుతోందంటే అది దాదాపు ఎప్పుడూ ఎర్త్ గొడవే.

ఎందుకంటే పాజిటివ్ వైపు ఒక్కో పనికి ఒక్కో తీగ ఉంటుంది, కరెంటు తిరిగి బండికి వెళ్ళడానికి మాత్రం అన్నింటికీ కలిపి ఒకటే తీగ, దాన్నే ఎర్త్ అంటారు. రెండు బ్రేక్ లైట్లు 21 వాట్ల చొప్పున, రెండు టెయిల్ లైట్లు 5 వాట్ల చొప్పున, ఒక ఇండికేటర్ ఇంకో 21 వాట్లు, అంటే 12 వోల్ట్ల మీద సుమారు 6 ఆంపియర్లు ఆ ఒక్క తీగలోంచే పోవాలి. అది తుప్పు పట్టి సన్నబడితే, కరెంటు వేరే బల్బు ఫిలమెంటులోంచి దారి వెతుక్కుంటుంది. అందుకే సంబంధం లేని లైటు వెలుగుతుంది. చెన్నైలో ఇది ఇంకా ఎక్కువ. సముద్రం పక్కన ఎన్నూరు, కాశిమేడు, ఈసీఆర్ (ఈస్ట్ కోస్ట్ రోడ్డు) వైపు తిరిగే బండ్లకి ఉప్పుగాలి, దాని మీద అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వాన, రోడ్డు మీద నిలిచిన నీళ్ళు. సాకెట్ మూత తీసి చూస్తే పిన్నులకి పచ్చటి చిలుము పట్టి ఉంటుంది.

పనిముట్టు విషయానికొస్తే, రిచీ స్ట్రీట్‌లో వోల్ట్లు కొలిచే మల్టీమీటర్ కొనుక్కోండి, మంచిదే, కానీ దానికంటే ముందు 12 వోల్ట్ల 21 వాట్ల బల్బు ఒకటి, హోల్డరు, రెండు తీగలు, రెండు క్లిప్పులు కలిపి టెస్ట్ ల్యాంప్ చేసుకోండి. మల్టీమీటర్ తీసుకునే కరెంటు దాదాపు సున్నా, కాబట్టి లోపల తుప్పు తినేసి అంటీ అంటనట్టున్న తీగకి కూడా అది 12 వోల్ట్లు చూపిస్తుంది, మీరేమో తీగ బాగుందనుకుంటారు. ఈ బల్బు దాదాపు 1.75 ఆంపియర్లు లాగుతుంది, అలాంటి తీగతో నిండుగా వెలగలేదు. ఒకటి గుర్తుంచుకోండి, ఈ బల్బుని ట్రైలర్ సాకెట్ దగ్గరే వాడాలి, బండి లోపలి కంప్యూటర్ తీగల్లోనో ఎయిర్‌బ్యాగ్ తీగల్లోనో పెట్టి చూడకూడదు.

ఇప్పుడు అసలు పని. తప్పు బండిలో ఉందా, ట్రైలర్‌లో ఉందా అన్నది ముందు తేల్చాలి. ట్రైలర్ ప్లగ్ పీకేయండి, ఒకరిని డ్రైవర్ సీట్లో కూర్చోబెట్టండి. గుండ్రటి 7 పిన్నుల సాకెట్ అయితే పిన్నుల పక్కన చిన్న అంకెలుంటాయి: 1 ఎడమ ఇండికేటర్, 2 వెనక ఫాగ్ లైటు, 3 ఎర్త్, 4 కుడి ఇండికేటర్, 5 కుడి టెయిల్ లైటు, 6 బ్రేకు, 7 ఎడమ టెయిల్ లైటు. ఈ పద్ధతిలో తీగల రంగులు వరసగా పసుపు, నీలం, తెలుపు, ఆకుపచ్చ, గోధుమ, ఎరుపు, నలుపు. కానీ ఊళ్ళో వెల్డింగ్ షాపులో చేయించిన ట్రైలర్లలో చేతికి ఏ తీగ దొరికితే అది వేసేస్తారు, కాబట్టి రంగుని నమ్మకండి, అంకెని నమ్మండి.

టెస్ట్ ల్యాంప్ ఒక క్లిప్పు 3కి పెట్టి, రెండోది ఒక్కో పిన్నుకి తగిలిస్తూ లోపలున్న వ్యక్తిని ఆయా లైట్లు వేయమనండి. అన్నిచోట్లా నిండుగా వెలిగితే బండి బాగుంది. ఎక్కడా వెలగకపోతే, 3కి పెట్టిన క్లిప్పు తీసి ఛాసిస్ మీద శుభ్రమైన బోల్టుకి పెట్టండి, అప్పుడు వెలిగితే బండి వైపు ఎర్త్ తీగే పోయింది. ఒక్క పిన్ను దగ్గరే వెలగకపోతే ఆ లైటు ఫ్యూజు, తర్వాత సాకెట్ వెనక జాయింటు చూడండి.

ట్రైలర్‌ని పరీక్షించడానికి బండి అక్కర్లేదు, ఒక బైకు బ్యాటరీ చాలు. మైనస్ తీగ ప్లగ్ 3కి, ప్లస్ తీగ మధ్యలో 10 ఆంపియర్ల ఫ్యూజు పెట్టి మిగతా పిన్నులకి ఒక్కొక్కటిగా తాకించండి. 6కి తాకిస్తే రెండు బ్రేక్ లైట్లు మాత్రమే వెలగాలి, ఇంకేదైనా వెలిగితే ట్రైలర్ ఎర్త్ పాడైనట్టే. రెండు వైపులా విడిగా బాగుండి కలిపితేనే గొడవ చేస్తుంటే, తప్పు ప్లగ్ పిన్నుల దగ్గర ఉంది. ఇత్తడి పిన్నుకి మధ్యలో చీలిక ఉంటే సన్నటి స్క్రూడ్రైవర్‌తో కాస్త వెడల్పు చేసి, ఎమరీ పేపరుతో చిలుము గీకేయండి. చిలుము తీగ లోపలి దాకా పాకి ఉంటే మాత్రం కొత్త ప్లగ్ వేయండి. పుదుపేటలో పాతవి చవకగా దొరుకుతాయి, కానీ ఈ ఒక్క వస్తువు పాతది కొనకండి, జీపీ రోడ్డులో కొత్తది కొనుక్కోవడం మేలు.

ఇక ఎర్త్ బాగు చేయడం. చాలా ట్రైలర్లలో తెల్ల తీగని పెయింటు వేసిన ఇనుము మీదే స్క్రూతో బిగించేసి ఉంటారు. ఇంకొన్నిట్లో అసలు ఎర్త్ తీగే ఉండదు, ట్రైలర్ తగిలించే హుక్కు బాల్‌లోంచే కరెంటు తిరిగి వస్తుంటుంది. బాల్ మీద గ్రీజు, తుప్పు ఉంటాయి, గుంతలో పడ్డప్పుడల్లా అది కాస్త కదులుతుంది, లైట్లు ఆరి వెలుగుతాయి. దాన్ని ఎర్త్ అనుకోవద్దు. ప్లగ్ 3 నుంచి 2.5 చదరపు మిల్లీమీటర్ల తీగ తెచ్చి, దాని చివర లగ్గు (బోల్టు దూరే రింగు ముక్క) క్రింప్ చేసి, అంటే నొక్కి బిగించి, ట్రైలర్ ఛాసిస్ మీద పెయింటు గీకి, ఇనుము మెరిసేదాకా రుద్ది, పళ్ళున్న వాషరు పెట్టి బోల్టుతో బిగించండి. పైన పెట్రోలియం జెల్లీ దట్టంగా రాయండి. వీలైతే ప్రతి ల్యాంపు దాకా విడిగా ఎర్త్ తీగ లాగండి, ఛాసిస్ మీద ఆధారపడకుండా. ఉప్పుగాలి ఊళ్ళో ఇదే ఎక్కువ కాలం నిలుస్తుంది.

మల్టీమీటర్ ఇక్కడ పనికొస్తుంది. ప్లగ్ మళ్ళీ పెట్టి, అన్ని లైట్లూ వేసి, బ్రేకు కూడా తొక్కించి, ఒక కొన బండి బ్యాటరీ మైనస్‌కి, ఇంకో కొన ట్రైలర్ బల్బు హోల్డరు ఎర్త్‌కి పెట్టండి. 0.2 వోల్ట్ల దగ్గర ఉంటే బాగుంది, అర వోల్టు దాటితే దారిలో ఇంకా ఎక్కడో తుప్పుంది.

ఫ్యూజు పదేపదే పోతుంటే అది వేరే కథ, షార్ట్, అంటే ప్లస్ తీగ ఎక్కడో ఛాసిస్‌కో ఎర్త్‌కో తగులుతోంది. పెద్ద ఫ్యూజు మాత్రం వేయకండి, తీగ కాలుతుంది. ట్రైలర్ బల్బులన్నీ తీసేసి, ఫ్యూజు స్థానంలో మన టెస్ట్ ల్యాంప్ పెట్టండి. షార్ట్ ఉన్నంతసేపూ అది నిండుగా వెలుగుతుంది. తీగని ప్లగ్ దగ్గర నుంచి వెనక దాకా కదిలిస్తూ వెళ్ళండి, ఎక్కడ ఆరితే అక్కడే తప్పు. ఛాసిస్ రంధ్రంలో తీగ కోసుకుపోకుండా పెట్టే రబ్బరు గ్రోమెట్ లేని చోట, లీఫ్ స్ప్రింగ్ పక్కన, వేలాడి రోడ్డుకి రాసుకున్న చోట ముందు చూడండి.

బల్బుల్లో రెండే జాగ్రత్తలు. లారీలు 24 వోల్ట్లు, పికప్‌లు 12 వోల్ట్లు, షాపుల్లో రెండూ పక్కపక్కనే ఉంటాయి. ఒక్క లైటు మాత్రమే మసకగా ఉంటే బల్బు మీద ఏం రాసుందో చూడండి. 21/5 వాట్ల రెండు ఫిలమెంట్ల బల్బుకి పక్క ముళ్ళు ఎత్తుపల్లాలుగా ఉంటాయి, తిరగేసి బలవంతంగా దూరిస్తే బ్రేకు, టెయిల్ తారుమారవుతాయి.

కొత్త పికప్‌ల్లో టెయిల్ లైటు తీగని కోసి ట్రైలర్ తీగ నేరుగా కలపడం మానేయండి. బండి కంప్యూటర్ ఆ కరెంటుని కొలుస్తుంటుంది, ఎక్కువైతే ఆపేస్తుంది. రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని ఆన్ చేసే స్విచ్చు) ఉన్న ట్రైలర్ మాడ్యూల్ పెట్టించండి, అది బ్యాటరీ నుంచి కరెంటు తీసుకుంటుంది. ఎల్ఈడీ ల్యాంపులు వేశాక ఇండికేటర్ గబగబా కొట్టుకుంటుంటే కారణం అవి తక్కువ కరెంటు లాగడమే, వైరింగ్ తప్పు కాదు. అమెరికా తరహా 4 తీగల ట్రైలర్ అయితే బ్రేకు, ఇండికేటర్ ఒకే తీగలో వస్తాయి, బండిలో విడివిడిగా వచ్చే ఆ రెండింటినీ కలిపే కన్వర్టర్ దానికి తప్పనిసరి.

జాయింట్లకి తీగని గిచ్చి పట్టుకునే ప్లాస్టిక్ క్లిప్పులు వద్దు, పోగులు తెగుతాయి, నీళ్ళు దూరతాయి. క్రింప్ చేసి, లోపల జిగురున్న స్లీవు వేడి చేసి అతికించండి. ఉత్త టేపు ఒక్క వానాకాలం కూడా ఆగదు.

పడవ ట్రైలర్ ఉన్నవాళ్ళు దాన్ని నీళ్ళలోకి దించే ముందు ప్లగ్ పీకండి, వేడి బల్బు మీద నీళ్ళు పడితే గాజు పగులుతుంది. బయటికి తీశాక ల్యాంపుల్ని మంచినీళ్ళతో కడిగి, ప్లగ్ నోరు కిందికి ఉండేలా వేలాడదీసి ఆరబెట్టండి.