కర్తరి మొదలవకముందే ముఖం సంగతి చూసుకోండి

మే మొదటి వారంలో కర్తరి, అంటే ఎండలు మండిపోయే రోజులు మొదలవుతాయి, ఇక్కడ చెన్నైవాళ్లు కత్తిరి అంటారు, దాదాపు నెలాఖరు దాకా వదలదు. ఎండ ఒక్కటే అయితే ఎలాగో సర్దుకుపోవచ్చు, దాంతోపాటు ఉక్క, ఆరని చెమట, ఇక మధ్యాహ్నం సముద్రపు గాలి ఆలస్యమైందంటే చెప్పక్కర్లేదు. ముఖం మీద ఏడాదంతా అణిగి ఉన్నవన్నీ ఈ నెలలోనే బయటపడతాయి. అందుకే ఏప్రిల్‌లోనే చూసుకోమంటున్నాను.

ముందు చేయాల్సింది ఏదో కొనడం కాదు, ఇంట్లో ఉన్న ట్యూబులన్నీ బయటికి తీసి వెనకాల రాసిన మందుల పేర్లు చదవడం. బీటామెథసోన్, క్లోబెటసాల్, మొమెటసోన్ వీటిలో ఏది కనిపించినా అది స్టిరాయిడ్ క్రీము. హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్ అనే మందులతో స్టిరాయిడ్ కలిపినవి మంగుకి డాక్టర్లు కొన్ని వారాలపాటు రాస్తారు, మనవాళ్లు దాన్నే ఫెయిర్‌నెస్ క్రీములా ఏళ్ల తరబడి పూస్తారు, పక్కింటి ఆవిడకి చెప్తారు, ఊళ్లో ఉన్న మరదలికి కూడా పంపిస్తారు. మొదట్లో ముఖం తెల్లగా, నున్నగా అవుతుంది, అదే చిక్కు. తర్వాత చర్మం పలచబడి, సన్నటి ఎర్ర నరాలు తేలి, మొటిమలు, అవాంఛిత రోమాలు వచ్చి, ఎండలోకి అడుగు పెడితే చాలు మంట మొదలవుతుంది. 2018లో కేంద్ర ప్రభుత్వం స్టిరాయిడ్ క్రీముల్ని షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది, అంటే డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు. కానీ మెడికల్ షాపులో "ముఖం మీద మచ్చలు" అని అడిగితే ఏం చేతిలో పెడతారో మీకూ తెలుసు. ఇప్పటికే నెలల తరబడి వాడుతున్నవాళ్లు మాత్రం భయపడి ఇవాళే ఆపేయకండి. ఒక్కసారిగా ఆపితే ముఖం ఎర్రబడి భగ్గుమంటుంది, "చూశావా, ఆపితే ఇలా అయింది" అని మళ్లీ అదే పూస్తారు. డాక్టరు దగ్గరికెళ్లి మెల్లగా మానండి.

ఇక వచ్చింది ఏమిటో గుర్తుపట్టడం. ముఖం మీద ఏది వచ్చినా "వేడి చేసింది" అని మజ్జిగ తాగి ఊరుకుంటాం. మజ్జిగ మంచిదే, తాగండి, కానీ అన్నింటికీ మందు ఒకటి కాదు. నొప్పిగా, ఒకటి పెద్దది ఒకటి చిన్నదిగా, మధ్యలో నల్ల చుక్కలతో ఉంటే చాలావరకు మొటిమలు. నుదుటి మీద అన్నీ ఒకే సైజులో చిన్న చిన్న పొక్కులు, దురద, చెమట పట్టినప్పుడు ఇంకా దురద అంటే అది ఫంగస్ వల్ల కావచ్చు, మొటిమల క్రీము ఎంత పూసినా లొంగదు. కనుబొమల్లో, ముక్కు పక్క మడతల్లో పొట్టు రాలుతుంటే తలలో చుండ్రు ఉందేమో చూడండి, ముఖానికి వచ్చింది కూడా దాని చెల్లెలే, కీటోకొనజోల్ 2 శాతం షాంపూ వారానికి రెండుసార్లు, తలకి పట్టించి ఓ ఐదు నిమిషాలు ఉంచి కడిగితే చాలామందికి సర్దుకుంటుంది. గుండ్రంగా అంచు లేచి పాకుతుంటే తామర, దానిమీద స్టిరాయిడ్ పూశారంటే అంచు మాసిపోయి లోపల్లోపల వ్యాపిస్తుంది, తర్వాత డాక్టరుకి కూడా గుర్తుపట్టడం కష్టం. రెండు బుగ్గల మీదా దురదా నొప్పీ ఏమీ లేని గోధుమ రంగు మచ్చ అయితే మంగు.

మంగు ఉన్నవాళ్లకి ఇది గడ్డు నెల, సన్‌స్క్రీన్ తప్పదు. ఎస్‌పీఎఫ్ 30 లేదా 50, పీఏ గుర్తు పక్కన మూడు నాలుగు ప్లస్సులు ఉన్నది చాలు, ఖరీదుతో పనిలేదు. ముఖానికీ మెడకీ కలిపి రెండు వేళ్ల పొడవునా పిండుకోవాలి, బఠాణీ గింజంత రాస్తే డబ్బా మీది అంకె మీ ముఖం మీదికి రాదు. బయట తిరిగేవాళ్లు రెండు గంటలకోసారి మళ్లీ రాసుకోవాలి, ఓఎమ్మార్ రోడ్డు మీద బండి నడిపేవాళ్లకి ఇది కుదరదు, నాకు తెలుసు, కనీసం మధ్యాహ్నం ఆఫీసు నుంచి బయటికొచ్చే ముందైనా రాయండి. మంగుని మామూలు వెలుతురు కూడా పెంచుతుంది, కాబట్టి ఐరన్ ఆక్సైడ్ ఉన్న లేత రంగు సన్‌స్క్రీన్ ఇంకా మేలు. గర్భిణులు హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్, మొటిమలకి వాడే అడాపలీన్ జోలికి వెళ్లకండి.

మొటిమలకి అడాపలీన్ రాత్రిపూట మొదలుపెట్టాలనుకునేవాళ్లు రెండు మూడు నెలలు ఓపిక పట్టాలి, మొదటి వారాల్లో పొట్టు, మంట మామూలే. కాబట్టి మేలో పెళ్లి పెట్టుకుని ఏప్రిల్ చివర్లో మొదలుపెట్టడం తెలివైన పని కాదు, అలాగే పెళ్లికి మూడ్రోజుల ముందు కొత్త ఫేషియల్, బ్లీచ్ కూడా. మొటిమలకి రాసే డాక్సీసైక్లిన్ మాత్రలు వాడుతుంటే ఎండకి చర్మం మామూలుకన్నా తొందరగా కమిలిపోతుంది. నిమ్మరసం రాసుకుని ఎండలోకి వెళ్తే బొబ్బలొచ్చి నల్లమచ్చ పడుతుంది, మొటిమల మీద టూత్‌పేస్ట్ పూయడం గురించి ఇక అడగకండి.

మామిడిపండు తింటే మూతి చుట్టూ పొక్కుతుందని పిల్లల్ని పండే ముట్టుకోనివ్వరు కొందరు. చాలాసార్లు పొక్కించేది పండు కాదు, ముచ్చిక దగ్గర కారే సొన, తొక్క. నీళ్లలో వేసి బాగా కడిగి, తొక్క తీసి, ముక్కలు కోసి పెట్టండి, జుర్రుకోవడం మాత్రం మానిపించాలి, పాపం.

బోరు నీళ్లు ఉప్పగా ఉన్నచోట సబ్బు సరిగా వదలదు, ముఖం బిగుసుకుపోతుంది. చెమట పట్టిందని రోజుకి ఐదారుసార్లు సబ్బు పెట్టకుండా, మృదువైన ఫేస్‌వాష్‌తో రెండుసార్లు చాలు, మిగతా వేళల్లో వట్టి నీళ్లు. తలకి నూనె దట్టంగా పెడితే నుదుటిమీద మొటిమలు లేస్తాయి. హెల్మెట్ లోపలి గుడ్డ ఉతుక్కోండి, ఎప్పుడు ఉతికారో గుర్తుందా? బొట్టుబిళ్ల కింద దురదగా ఉంటే వెంటనే మానేయండి, ఆ జిగురు కొందరికి తెల్లమచ్చ తెస్తుంది.

నుదుటి మీదో ముక్కు మీదో ఒకవైపే మంటతో నీటిపొక్కులు వచ్చినా, కంటి చుట్టూ వాపు, జ్వరం ఉన్నా అదేరోజు డాక్టరు దగ్గరికెళ్లండి, కన్ను దెబ్బతినే ప్రమాదం ఉంటుంది. ప్రైవేటు ఫీజు భారమైతే చెన్నై సెంట్రల్ స్టేషన్ ఎదుటి జీహెచ్ (ప్రభుత్వ జనరల్ ఆసుపత్రి)లో, స్టాన్లీ, కీళ్‌పాక్ ఆసుపత్రుల్లో చర్మవ్యాధుల విభాగాలు ఉన్నాయి, పొద్దున్నే వెళ్లండి. పౌడరు, మేకప్ లేకుండా వెళ్లి, ఇప్పటిదాకా పూసిన ట్యూబులన్నీ ఒక కవర్లో వేసి తీసుకెళ్లండి, "ఏదో తెల్ల ట్యూబండీ" అంటే ఆయనకి మాత్రం ఏం తెలుస్తుంది.